పడిన రాత్రే మోకరించండి

ప్రశ్న: నా వయసు 27. పద్దెనిమిదో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. మా సంఘంలో ఆరాధన పాటలు నడిపిస్తాను, సండే స్కూల్ పిల్లలకు పాఠం చెబుతాను. కానీ నాలుగేళ్లుగా రాత్రుళ్లు ఫోన్‌లో అశ్లీల వీడియోలు చూసే అలవాటులో చిక్కుకుపోయాను. ప్రతి ఉపవాస ప్రార్థనలోనూ ఏడ్చి, ఇక చూడనని తీర్మానం చేసుకుంటాను. పది పదిహేను రోజులు బాగానే ఉంటుంది, మళ్లీ పడిపోతాను. పడ్డాక నాలుగైదు రోజులు బైబిల్ తెరవడానికి ముఖం చెల్లదు. ప్రభు బల్ల రోజున రొట్టె పళ్లెం నా దాకా వస్తే పక్కవాళ్లకి అందించేస్తాను. ఒక్క ప్రార్థనతో తాగుడు మానేశానని నా స్నేహితుడు సాక్ష్యం చెప్పాడు. నాకెందుకు అలా జరగడం లేదు? నేను అసలు రక్షణ పొందానా? పాటల బృందం నుంచి తప్పుకోవాలా? పెళ్లయితే ఇదంతా పోతుందని ఒకరన్నారు, నిజమేనా?
— పేరు రాయలేని ఒక సహోదరుడు

సమాధానం:

సహోదరా, వందనాలు.

పడకుండా నిలబడ్డ పది పదిహేను రోజులను మీరు లెక్కపెడుతున్నారు. పడిన రాత్రినీ లెక్కపెడుతున్నారు. ఆ తర్వాత బైబిల్ మూసి ఉంచే నాలుగైదు రోజులను మాత్రం ఏదో శిక్షాకాలం అన్నట్టు వదిలేస్తున్నారు. నాకైతే మీ అసలు ఇబ్బంది అక్కడే ఉందనిపిస్తోంది. తర్వాతిసారి పడటానికి పునాది పడేది ఆ రోజుల్లోనే.

ఆ రోజుల్లో ఏం జరుగుతుందో చూడండి. ప్రార్థన ఉండదు, వాక్యం ఉండదు. సంఘంలో ఎవరైనా ‘ఎలా ఉన్నావు బ్రదర్’ అని అడిగితే ‘ప్రభు కృప’ అని నవ్వి పక్కకు జరిగిపోతారు. లోపల మాత్రం ఒకటే మాట తిరుగుతుంటుంది: ఎలాగూ పాడైపోయాను. పాడైపోయాక ఇంకోసారి చూస్తే కొత్తగా పోయేదేముంది? మీరు రాయలేదు గానీ, ఆ నాలుగైదు రోజుల్లో ఒక్కసారితో ఆగి ఉండరని నా అనుమానం. వ్యసనాల మీద పనిచేసిన అలన్ మార్లట్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1980ల్లో ఈ సంగతిని వివరంగా రాశారు. మానేసిన మనిషి ఒకసారి జారితే, ఆ జారడం కంటే ‘ఇక నా వల్ల కాదు’ అన్న సిగ్గే అతన్ని పూర్తిగా పాత చోటికి లాక్కుపోతుందని. సైతానుకు మీ చేత ఆ వీడియో చూపించడం కంటే, చూశాక మిమ్మల్ని ప్రార్థనకు దూరంగా ఉంచడమే ఎక్కువ లాభం.

ఆదాము చేసిందీ ఇదే. తిన్నాడు, వెంటనే చెట్ల మధ్య దాక్కున్నాడు. దేవుడు మాత్రం చల్లపూట తోటలోకి వచ్చి, నువ్వెక్కడున్నావని పిలిచాడు. అప్పు చేసినవాడు అప్పిచ్చినవాడి వీధిలోంచి నడవడం మానేసినట్టు మీరు దేవుణ్ని తప్పించుకు తిరుగుతున్నారు. అప్పేమో సిలువ మీద ఎప్పుడో తీరిపోయింది.

ముఖం చెల్లడం లేదన్నారు. చెల్లే ముఖంతోనే వెళ్లాలంటే మనలో ఎవరమూ వెళ్లలేం. కృపాసనం దగ్గరకు ‘ధైర్యముతో’ చేరమని హెబ్రీ పత్రిక 4:16 చెబుతోంది. దేనికోసం? కనికరం కోసం, ‘సమయోచితమైన సహాయము’ కోసం. మీకు కనికరం అవసరమయ్యే సమయం ఏది? పడిన రాత్రి కాక ఇంకెప్పుడు?

అందుకని ముందుగా నేను చెప్పేది ఇది. మళ్లీ పడితే, ఫోన్ పక్కన పెట్టిన ఆ నిమిషంలోనే మోకరించండి. తెల్లారి స్నానం చేసి, మనసు కాస్త కుదుటపడ్డాక చేద్దామనుకోకండి. మీ మీద మీకు ఆ అసహ్యం ఇంకా ఉండగానే చేయండి. పెద్ద మాటలు వద్దు. ‘ప్రభువా, మళ్లీ చేశాను. ఇది పాపం. నన్ను కడుగు’ అని పైకి, మీ చెవికి వినబడేలా చెప్పండి. 51వ కీర్తన చదివి పడుకోండి. పొద్దున అలారం మోగాక రోజూ చదివే భాగమే చదవండి, ఎక్కడ ఆపారో అక్కడి నుంచే. పరిహారంగా నాలుగు అధ్యాయాలు ఎక్కువ చదవనక్కరలేదు.

‘అంత తొందరగా క్షమాపణ అడిగేస్తే పాపం తేలికైపోదా’ అని మీకు అనిపించవచ్చు. నిజానికి దాన్ని తేలిక చేస్తున్నది మీరు పాటిస్తున్న పద్ధతే. మీ పాపానికి మీరే ఒక ధర కట్టి, నాలుగు రోజుల దిగులుతో చెల్లించేసి, లెక్క సరిపోయిందనుకుని తిరిగి వస్తున్నారు. క్రీస్తు రక్తం ఖరీదు చేసిన దానికి మీ నాలుగు రోజుల మూడ్ ఏపాటి?

ప్రభు బల్ల గురించి కూడా ఒక మాట. 1 కొరింథీ 11:28లో పౌలు తన్ను తాను పరీక్షించుకోమన్నాడు, ‘ఆలాగుచేసి’ ఆ రొట్టె తినమన్నాడు. పరీక్షించుకుని పళ్లెం పక్కవాళ్లకి అందించమనలేదు. పాపాన్ని వదిలేది లేదని పంతం పట్టి కూర్చున్నవాడి సంగతి వేరు. మీరు అలాంటివారు కాదని మీ ఉత్తరమే చెబుతోంది. అయితే మీ సంఘంలో దీనికంటూ ఒక క్రమం ఉంటే దాన్ని మీరి నడవమని నేను చెప్పను. ముందు మీ పాస్టర్‌గారితో మాట్లాడండి.

ఇక తీర్మానాలు. ఉపవాస కూటంలో, చుట్టూ అందరూ ఏడుస్తూ ప్రార్థిస్తుండగా మీరు చేసే తీర్మానం నిజాయితీగానే చేస్తారు. కానీ రాత్రి పదకొండున్నరకు, అలసిపోయి, ఒంటరిగా, చేతిలో ఫోన్‌తో ఉన్న మనిషి ఆ కూటంలో లేడు. అతని తరఫున మీరు మాట ఇచ్చి వస్తున్నారు. అతనేమో దానికి కట్టుబడటం లేదు. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి గ్రంథం ఊరికే చెప్పలేదు. ‘ఇక జీవితంలో చూడను ప్రభువా’ అనడం ఆపండి. ‘ఈ రాత్రి నన్ను కాపాడు, ఈ రాత్రి నేను ఫోన్‌ను గది బయట పెడుతున్నాను’ అనండి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా అనుదినాహారమే అడగమన్నాడు కదా, ఏడాదికి సరిపడా కాదు.

మీ స్నేహితుడి సాక్ష్యం నిజమే అయి ఉంటుంది. కొందరికి కొన్ని అలవాట్లు ఒక్కరోజులో ఊడిపోతాయి. అదే మనిషిలో ఇంకో అలవాటు ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు, అది మాత్రం సాక్ష్యంలోకి రాదు. ‘అమేజింగ్ గ్రేస్’ పాట రాసిన ఇంగ్లాండ్ బోధకుడు జాన్ న్యూటన్ సంగతి చూడండి. 1748లో సముద్రం మీద తుపానులో చిక్కుకుని దేవుణ్ని వేడుకున్నాడు, అక్కడి నుంచే అతని మార్పు మొదలైంది. నోరు తెరిస్తే దూషణే వచ్చే మనిషికి ఆ అలవాటు అప్పుడే పోయింది. కానీ మనుషులను బానిసలుగా అమ్మే ఓడల్లో పని మాత్రం మానలేదు. వాటికి కెప్టెన్‌గా కూడా చేశాడు. 1754లో ఆ ప్రయాణాలు ఆపినప్పుడు కూడా కారణం అనారోగ్యమే. ఆ వ్యాపారం ఎంత ఘోరమో ఒప్పుకుంటూ, తన పాత్రకు సిగ్గుపడుతూ ప్రజల ముందుకు పుస్తకం తెచ్చేసరికి 1788 వచ్చింది. తిట్లు పోవడానికి ఒక తుపాను సరిపోయింది. ఆ కళ్లు పూర్తిగా తెరుచుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది. ఇంకా సమయం ఉందిలే అని మీరు నింపాదిగా కూర్చోవాలని ఇది చెప్పడం లేదు. అతని ఆలస్యానికి ఎందరో మనుషులు వెల చెల్లించారు. మీ అలవాటుకూ ఎవరో చెల్లిస్తున్నారు. ఆ తెర మీద కనిపించేది దేవుని పోలికలో పుట్టిన మనిషి. వాళ్లలో బలవంతంగా ఆ కెమెరా ముందుకు వచ్చినవాళ్లూ ఉంటారు. ఈ మాట నేరుగా గుర్తుచేసుకుంటే, ఒక్కోసారి బొటనవేలు ఆగుతుంది.

ఇప్పుడు ఆ రాత్రి సంగతికి వద్దాం. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఎవాగ్రియస్ అనే సన్యాసి ఉండేవాడు. తలంపులతో పోరాడేవాళ్లకు అతను చెప్పిన సలహా చాలా ఆచరణీయమైనది: ఏ తలంపు ఎప్పుడు వస్తోంది, దేని వెనక ఏది వస్తోంది, ఏది పెరుగుతోంది, ఏది తగ్గుతోంది, జాగ్రత్తగా గమనించమన్నాడు. మీరూ అలాగే గమనించండి. నేను ఊహించి రాస్తాను, మీ విషయంలో ఎంతవరకు సరిపోతుందో చూసుకోండి. ఆఫీసులో ఎవరో ఒక మాట అన్నారు, దానికి జవాబు చెప్పలేకపోయారు. ఇంటికి వచ్చారు, ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. భోజనం అయింది. ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టారు, దిండు పక్కనే. ‘ఒక్క ఐదు నిమిషాలు’ అని చిన్న చిన్న వీడియోలు చూడటం మొదలుపెట్టారు. అందులో చెడ్డవేమీ లేవు, నవ్వించేవే. అరగంట గడిచింది. ఒకటి కాస్త అటూ ఇటూగా వచ్చింది. బొటనవేలు పైకి జరపలేదు, రెండు సెకన్లు ఆగింది. యాప్ ఆ రెండు సెకన్లను గుర్తుపెట్టుకుంది. తర్వాత వచ్చినవి అలాంటివే. పన్నెండు దాటాక మీరు మామూలుగా వెళ్లని చోటికి వెళ్లారు.

మీరు ప్రార్థనలో ఎప్పుడూ ఆఖరి మెట్టు గురించే ఒప్పుకుంటున్నారు. జారుడు మొదలైంది సాయంత్రం ఆరింటికి, ఆ మాట మింగుకున్నప్పుడు. ఇలాంటి రాత్రుల్లో చాలావరకు కామంతో మొదలవ్వవు. అలసటతోనో, కోపంతోనో, ఒంటరితనంతోనో మొదలవుతాయి. దావీదు కథ కూడా బత్షెబ దగ్గర మొదలవలేదు. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో అతను యెరూషలేములో ఆగిపోయాడు, పొద్దుగూకే వేళ పడక మీద నుంచి లేచి మిద్దె మీద పచార్లు చేస్తున్నాడు. చేయాల్సిన పని లేదు, అడిగే మనిషి లేడు. కన్ను పడటం ఆ తర్వాతి సంగతి.

కాబట్టి సాయంత్రం ఆరింటికే దేవునితో మాట్లాడండి. ‘ఫలానా మనిషి ఇలా అన్నాడు, నాకు మండిపోతోంది ప్రభువా’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. కీర్తనలు రాసినవాళ్లు అలాగే మాట్లాడారు. రాత్రి ఫోన్ ఇంకో గదిలో పెట్టండి, అలారానికి ఒక మామూలు గడియారం కొనుక్కోండి. చిన్న వీడియోల యాప్‌లు తీసేయండి. పాస్‌వర్డ్ ఇంకొకరి చేతిలో ఉండే ఫిల్టర్ పెట్టించుకోండి. ఇవి లోకసంబంధమైన ఉపాయాలని, విశ్వాసం ఉంటే ఇవన్నీ ఎందుకని అనేవాళ్లు ఉంటారు. వాళ్లను పట్టించుకోకండి. ‘శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి’ అని రోమా 13:14లో ఉంది. దిండు పక్కన ఫోన్ పెట్టుకుని ‘శోధనలోకి తేకుము’ అని ప్రార్థించడంలో అర్థం లేదు. పోతీఫరు భార్య పట్టుకున్నప్పుడు యోసేపు ఆ ఇంట్లో నిలబడి ప్రార్థన చేయలేదు. వస్త్రం వదిలేసి పరుగెత్తాడు.

అయితే తీసేసి ఊరుకుంటే సరిపోదు. మత్తయి 12లో ప్రభువు చెప్పిన ఇల్లు గుర్తుందా? అపవిత్రాత్మ వదిలిపోయింది, ఇల్లు ఊడ్చి అమర్చి ఉంది, కానీ లోపల ఎవరూ లేరు. ఆ ఖాళీయే ప్రమాదమైంది, పోయినది ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. రాత్రి పదిన్నర నుంచి పన్నెండు దాకా మీ ఇల్లు ఇప్పుడు అలాగే ఉంటుంది. అక్కడ ఏదో ఒకటి పెట్టాలి. ఎఫెసీ 4:28లో పౌలు దొంగతో దొంగతనం మానమని చెప్పి ఆగలేదు. కష్టపడి పని చేయమన్నాడు, లేనివాళ్లకు పంచమన్నాడు. తీసుకోవడం అలవాటైన చేతికి ఇవ్వడం నేర్పాడు. మీ విషయంలో నాకు తోచేది చెబుతాను: ఆ సమయంలో వచ్చే ఆదివారం సండే స్కూల్ పాఠం సిద్ధం చేసుకోండి, పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కరి కోసం ప్రార్థించండి. తర్వాత దీపం ఆర్పి, త్వరగా పడుకోండి. నిద్ర కూడా ఆత్మీయ సంగతే. ఏలీయా చావాలని కోరుకున్న రోజున దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు, నిద్రపోనిచ్చాడు, దూత చేత భోజనం పెట్టించాడు.

దీనికి ఇన్ని రోజులని గడువు పెట్టుకోకండి. ఇరవై ఒక్క రోజుల్లో ఏ అలవాటైనా మారుతుందన్న మాట చాలామంది చెబుతుంటారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక చిన్న మంచి అలవాటు ఒంటబట్టడానికే సుమారు 66 రోజులు పట్టింది. అది కూడా మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం దెబ్బతినలేదని కూడా వాళ్లు గమనించారు. కొత్త అలవాటుకే ఇంత సమయమైతే, నాలుగేళ్ల పాత అలవాటును దాని చోటు నుంచి కదిలించడానికి ఓపిక పట్టాల్సిందే. గలతీ 5లో ఆత్మఫలంలో దీర్ఘశాంతము, ఆశానిగ్రహము రెండూ ఉన్నాయి. మీరు రెండోది అడుగుతూ మొదటిదాన్ని మరిచిపోతున్నారు.

ఇన్నీ చెప్పినా, మీరు ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా చేస్తే రెండు నెలల్లో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారని నా భయం. నాలుగేళ్లుగా ఈ పాపం తెలిసింది మీకూ దేవుడికీ మాత్రమే. ఇప్పుడు నాకు తెలిసింది, అదీ పేరు లేకుండా. ‘మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి’ అని యాకోబు 5:16 చెప్పింది స్వస్థత కోసం. 1738 డిసెంబర్ 25న, మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన జాన్ వెస్లీ చిన్న చిన్న విశ్వాసుల గుంపులకు నియమాలు రాశాడు. వారానికోసారి కలిసి, ఒకరినొకరు నేరుగా అడగాల్సిన ప్రశ్నలు అందులో ఉన్నాయి. కిందటిసారి కలిశాక తెలిసి ఏ పాపం చేశావు? ఏ శోధన ఎదురైంది? దాన్నుంచి ఎలా తప్పించబడ్డావు? నాకు ఆ మూడో ప్రశ్న ఇష్టం. పడిన సంగతే కాదు, పడకుండా దాటిన రాత్రి గురించి కూడా ఎవరో ఒకరు అడగాలి. మీరు నిలబడ్డ పది రోజులూ ఎలా నిలబడ్డారో మిమ్మల్ని ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

ఎవరికి చెప్పాలన్నది బాగా ఆలోచించుకోండి. మీకంటే పెద్దవాడైన ఒక సహోదరుడు అయితే మంచిది. విన్నది కడుపులో పెట్టుకోగలవాడై ఉండాలి. విని కంగారుపడేవాడు వద్దు, విని ‘అందరికీ మామూలే’ అని నవ్వేసేవాడు అసలే వద్దు. ప్రార్థన అంశం పేరుతో వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. చెప్పేటప్పుడు ‘బలహీనతలో ఉన్నానన్నా, ప్రార్థించండి’ అని చెబితే చెప్పనట్టే. ఆ మాటకు ఆయన తలనొప్పి అనుకోవచ్చు, అప్పులనుకోవచ్చు. ‘అన్నా, నాలుగేళ్లుగా రాత్రుళ్లు అశ్లీల వీడియోలు చూస్తున్నాను. మానలేకపోతున్నాను. వారానికోసారి నన్ను నేరుగా అడుగుతారా?’ ఇంతే. నోరు పెగలకపోతే కాగితం మీద రాసి చేతికివ్వండి. ఉద్యోగం, నిద్ర, ఆరోగ్యం దెబ్బతినేంతగా ఉంటే, లేదా బతకాలనిపించడం లేదన్న తలంపు వస్తుంటే, మంచి కౌన్సెలర్‌ని, డాక్టర్‌ని కలవడానికి వెనకాడకండి. లూకా స్వయంగా వైద్యుడే కదా.

నేను రక్షణ పొందానా అని అడిగారు. మీ పదిహేను రోజుల రికార్డు మీద రక్షణ ఆధారపడి ఉంటే పదహారో రోజున ఎవరికీ ఉండదు. ‘నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను’ అన్న రోమా 7వ అధ్యాయపు మాట మీ ఉత్తరంలాగే ఉంది. ఆ మాట పౌలు ఎప్పటి అనుభవం గురించి రాశాడన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, మనకు ఇప్పుడు ఆ వాదన వద్దు. ఆ మొర ముగిసిన వెంటనే వచ్చే వచనం, క్రీస్తుయేసులో ఉన్నవారికి ఏ శిక్షావిధీ లేదన్నది, మీరు కంఠతా పట్టాలి. పాపం లేదనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటామని, ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని యోహాను తన మొదటి పత్రికలో రాసింది కూడా విశ్వాసులకే. అయితే ఈ ఓదార్పు పాపంతో పోరాడేవారికి. దానితో రాజీపడి, ‘నా బలహీనత ఇంతే’ అని స్థిరపడ్డవారికి ఇదే యోహాను అదే పత్రిక మూడో అధ్యాయంలో చాలా కఠినంగా మాట్లాడాడు. ఆ అధ్యాయం కూడా చదవండి, భయపడటానికి కాదు, ఎటువైపు నడుస్తున్నారో చూసుకోవడానికి.

పెళ్లయితే పోతుందన్న సలహా ఇచ్చిన వ్యక్తి మీ మంచి కోరే చెప్పి ఉంటారు, కానీ అది తప్పుడు సలహా. ఈ అలవాటు పెళ్లితో పోదు. కొన్నాళ్లు దాక్కుంటుంది, తర్వాత ఇంకో మనిషిని కూడా గాయపరుస్తుంది. భార్య అంటే మందు కాదు. పెళ్లి మాటలు నడిచే సమయానికి ఈ పోరాటంలో కొంత దూరం వచ్చి ఉండండి. ఆమెకు నిజం చెప్పాల్సి ఉంటుంది, ఎంత, ఎప్పుడు అన్నది మీరు నమ్మి చెప్పుకున్న ఆ పెద్ద సహోదరుడి సలహాతో తేల్చుకోండి.

ఇక పాటల బృందం. వేదిక మీద నుంచి కొంతకాలం దిగితే మీకే ఊపిరి ఆడుతుందని నా అభిప్రాయం. అలా రెండు బతుకులు బతకడం వల్ల వచ్చే టెన్షన్ కూడా మిమ్మల్ని ఆ ఫోన్ వైపే నెడుతోంది. దిగినా సంఘంలోంచి వెళ్లిపోకండి, జనంలో కూర్చుని పాడండి. కానీ ఈ నిర్ణయం మీరొక్కరే తీసుకోవద్దు. ఈ వారంలోనే పాస్టర్‌గారిని విడిగా కలిసి సంగతి చెప్పి, దిగాలా, ఎన్నాళ్లు, సండే స్కూల్ సంగతేమిటి అన్నది ఆయనతోనే తేల్చుకోండి. పడిన వారం ఆదివారం పొద్దున ‘ఒంట్లో బాగోలేదు’ అని మెసేజ్ పెట్టి ఎగ్గొట్టడం మాత్రం వద్దు. ఆ అబద్ధం కూడా అలవాటైతే, మీకు రెండు ఉత్తరాలకు సరిపడా పని పడుతుంది.